రెండు నీళ్లకు రెండు దారులు

ఒక ఎకరం కాంక్రీటు నేల మీద 1 సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీరు చేరుతుంది. హైదరాబాద్ జలమండలి 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే ఎనిమిది ట్యాంకర్లు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్లు నమోదైంది. ఎకరానికి ఏడున్నర లక్షల లీటర్ల పైమాట, నూట యాభై ట్యాంకర్లకు మించిన నీరు. ఆ ఎకరం ఏ పార్కో అయితే కొంత ఇంకుతుంది, మిగతాది మట్టిరంగుతో వీధిలోకి పోతుంది. అదే ఎకరంలో ఊరి చెత్తను ఆటోల నుంచి లారీలకు మార్చే కేంద్రం ఉంటే ఆ నీటిని ఏం చేయాలన్నది చాలా పెద్ద ప్రశ్న. మన నగరాల్లో అడగాల్సినంతగా ఎవరూ అడగని ప్రశ్న కూడా.

ఇంటింటికీ తిరిగే స్వచ్ఛ ఆటో చెత్తను నేరుగా జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా మోసుకుపోదు. అంత దూరం పోయి వస్తే డీజిలు ఖర్చు తడిసి మోపెడవుతుంది, రెండో ట్రిప్పుకు పొద్దు చాలదు. అందుకని నగరం లోపలే, యూసుఫ్‌గూడ, లోయర్ ట్యాంక్‌బండ్ వంటి చోట్ల, ట్రాన్స్‌ఫర్ స్టేషన్లు, అంటే బదిలీ కేంద్రాలు, ఉన్నాయి. ఆటోలు అక్కడ చెత్త దించుతాయి. యంత్రాలు దాన్ని పెద్ద కంటైనర్లలోకి అదిమి నింపుతాయి. భారీ లారీలు ఆ కంటైనర్లను ఊరి బయటికి చేరుస్తాయి. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా ఈ కేంద్రాన్ని ఇలాగే నిర్వచించాయి: కాలనీల నుంచి చెత్తను అందుకుని, కప్పి ఉన్న వాహనాల్లో పెద్దమొత్తంగా పంపే చోటు. హైదరాబాద్ రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త పోగేస్తుంది. అందులో చాలా భాగం ఇలా ఒక మజిలీ చేసే వెళ్తుంది.

చెత్త ఇక్కడ గంటల లెక్కన మాత్రమే ఉంటుంది కాబట్టి డంపింగ్ యార్డుకు పడే భయం దీనికి పడం. అయితే డంపింగ్ యార్డు ఊరి బయట ఉంటే ఇది ఇళ్ల మధ్య ఉంటుంది. నేలంతా కాంక్రీటు, పక్కనే వరద కాల్వ. కాల్వ నాలాలో కలుస్తుంది, నాలా చెరువుకో మూసీకో పోతుంది. ఒక్క జల్లు చాలు, లోపల కారింది ఇంకో బస్తీ నీళ్లలో తేలడానికి.

ఏం కారుతుంది? మన ఇళ్ల చెత్తలో దాదాపు సగం వంటింటిదే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పాడైన పండ్లు. తడి చెత్తను యంత్రం అదిమినప్పుడు దానిలోని నీరంతా బయటికొస్తుంది. పులిసిన వాసనతో, నల్లగానో ముదురు గోధుమరంగులోనో ఉండే ఆ ద్రవాన్ని పారిశుధ్య సిబ్బంది, ఇంజనీర్లు లీచెట్ అంటారు. అందులో చక్కెరలు, కొవ్వులు, ఆమ్లాలు, అమ్మోనియా ఉంటాయి. చెత్తలో బ్యాటరీలు, పెయింటు డబ్బాలు కలిస్తే లోహాలూ ఉంటాయి.

ఇది నీటికి చేసే హానిని కొలవడానికి ఒక లెక్క ఉంది. కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడుకుంటాయి. ఒక లీటరు మురుగును నిర్ణీత పరిస్థితుల్లో ఉంచి, అవి ఎంత ప్రాణవాయువు వాడాయో మిల్లీగ్రాముల్లో చెబితే అది బీఓడీ. చల్లటి దేశాల్లో 20 డిగ్రీల వద్ద ఐదు రోజులు ఉంచి కొలుస్తారు. మన వాతావరణానికి తగినట్టు మన ప్రమాణాల్లో 27 డిగ్రీల వద్ద మూడు రోజులు. ఇళ్ల నుంచి వచ్చే మామూలు మురుగు బీఓడీ రెండు మూడు వందలుంటుంది. కొత్త చెత్త నుంచి ఊరిన లీచెట్‌కు అది వేలల్లో ఉంటుంది, 10 వేలు దాటడం వింతేమీ కాదు.

ఇప్పుడు చెరువు వైపు నుంచి చూద్దాం. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీరు మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును కరిగించుకోగలదు. చేపలు బతకాలంటే కనీసం 4 ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకున్న కొలబద్ద. బీఓడీ 10 వేలున్న లీచెట్ ఒక్క లీటరు, దాదాపు 1,300 లీటర్ల చెరువు నీటిలో ఉన్న ప్రాణవాయువునంతా లాగేయగలదు. చెరువు గాలి నుంచి మళ్లీ కొంత పీల్చుకుంటుంది, నాచు కొంత తయారుచేస్తుంది, నిజమే. కానీ మే నెల చివర చెరువు అడుగంటి, వేడెక్కి ఉంటుంది. వేడి నీటిలో ప్రాణవాయువు ఇంకా తక్కువ కరుగుతుంది. సరిగ్గా అప్పుడే తొలకరి వస్తుంది. వేసవి పొడుగునా నేల మీద, కాల్వల్లో అట్టకట్టినదాన్నంతా ఊడ్చుకుని ఒకేసారి చెరువులో పోస్తుంది. తొలి వానల తర్వాత నగర చెరువుల్లో చేపలు తేలాయన్న వార్త వెనుక చాలాసార్లు ఉండే సంగతి ఇదే.

కాఫీపొడి మీద వేడినీళ్లు పోసినప్పుడు మొదట దిగే డికాక్షనే చిక్కన. తర్వాత పోసిన నీళ్లు పలచబడుతూ వస్తాయి. చెత్త పడిన నేల మీద వాన కూడా అలాగే నడుస్తుంది. జల్లు మొదలైన మొదటి అరగంటలో పారే నీటిలోనే మురికి ఎక్కువ. ఇంజనీర్లు దీన్ని తొలి ప్రవాహమని వేరుగా లెక్కిస్తారు, ముందుగా దాన్ని పట్టే తొట్టె కట్టిస్తారు. అయితే ఈ పద్ధతి పనిచేసేది దుమ్ము, నూనె పడిన ఖాళీ నేలకే. చెత్త కుప్ప వానలో తడుస్తూనే ఉంటే తొలి నీరేది, మలి నీరేది? చివరి చుక్క దాకా ఊరుతూనే ఉంటుంది.

అందుకే ఈ శాస్త్రమంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. చెత్తను తాకిన నీరు, తాకని నీరు ఎక్కడా కలవకూడదు. రెంటికీ రెండు దారులు ఉండాలి. వాన కలిస్తే లీచెట్ పలచబడుతుంది కదా, మంచిదేగా అని కొందరంటారు. అది పొరపాటు ఆలోచన. పలచబడినా మొత్తం మురికి గ్రాము కూడా తగ్గదు. పైగా కొన్ని వేల లీటర్లుగా ఉన్న సమస్య లక్షల లీటర్లవుతుంది. వేల లీటర్లకు కట్టిన తొట్టె పొర్లుతుంది. లక్షల లీటర్లకు తొట్టె కట్టే చోటు నగరంలో దొరకదు.

నియమాన్ని అమలు చేయడంలో మొదటిది కప్పు. చెత్త దించే చోటు, అదిమే చోటు, నిండిన కంటైనర్లు ఆగే చోటు, మూడూ కప్పు కింద ఉండాలి. మూడోదాన్నే మర్చిపోతుంటారు. కప్పు ఉంటే చాలదు, చూరు బాగా ముందుకు రావాలి. మన వానలు గాలితో ఏటవాలుగా కొడతాయి. నాలుగు వైపులా తెరిచిన షెడ్డు, స్తంభాల మీద నిలబెట్టిన రేకులు ఎండకు పనికొస్తాయి గానీ జూలై వానకు పనికిరావు. గాలి కొట్టే వైపు గోడ కట్టాల్సిందే.

రెండోది నేల వాలు. కప్పు కింద నేల లోపలి వైపుకు వాలాలి. లోపల జాలీ మూత ఉన్న కాల్వ ఉండాలి, అది మూసి ఉన్న తొట్టెలోకి దిగాలి. గుమ్మం దగ్గర లారీ ఎక్కి దిగగలిగేంత చిన్న గట్టు కడితే బయటి వాన లోపలికి రాదు, లోపలి మురికి బయటికి పోదు. అరచెయ్యి ఎత్తు కాంక్రీటు గట్టు చేసే మేలు, ఆ తర్వాత పెట్టే ఎన్నో యంత్రాలు చేయలేవు. ప్రాజెక్టు నివేదికల్లో పంపులు, ఫిల్టర్లు పేజీల కొద్దీ ఉంటాయి. ఆ గట్టుకు ఒక్క వాక్యం ఉండదు. నాకిది బాధగా ఉంటుంది.

లోపలి తొట్టెలో చేరినదాన్ని ట్యాంకరులో శుద్ధి కేంద్రానికి పంపాలి, లేదా ప్రాథమిక శుద్ధి చేసి డ్రైనేజీలోకి వదలాలి. శుద్ధి చేసిన లీచెట్‌ను మురుగు పైపుల్లోకి వదలాలంటే బీఓడీ 350 దాటకూడదని 2016 నిబంధనలు చెప్పాయి. చెరువు, నాలా వంటి జలాల్లోకైతే 30 దాటకూడదన్నాయి. వేల నుంచి ముప్పైకి దించడం ఎంత శ్రమో ఊహించవచ్చు. కాబట్టి ఊరే లీచెట్ ఎంత తక్కువైతే అంత మేలు. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయమనడానికి ఇదీ ఒక కారణం. తడి చెత్తతో తడవని అట్టపెట్టె అమ్ముడుపోతుంది, దాని నుంచి ఏమీ కారదు.

ఇక గట్టుకు బయట ఉన్న ఆవరణ. ఇక్కడ చెత్త పడకూడదు, కానీ లారీలు తిరుగుతాయి. టైర్లకు అంటుకుని లోపలి మురికి బయటికొస్తుంది. కంటైనరు రబ్బరు సీలు అరిగితే చుక్కలు కారతాయి. ఇంజను ఆయిలు, డీజిలు, బ్రేకుల పొడి, గాలికెగిరిన కవర్లు. ఇవన్నీ కలిసి పారే నీరు లీచెట్ అంత చెడ్డది కాదు, అలాగని శుభ్రమైన వాన కూడా కాదు. దీన్ని సంబాళించడమే అసలు కష్టం, ఎందుకంటే నీరు చాలా ఎక్కువ, వచ్చేది చాలా వేగంగా.

ఎంత వేగంగా? దీనికి పంతొమ్మిదో శతాబ్దం నుంచీ వాడుతున్న ఒక సూత్రం ఉంది. వాన తీవ్రతను విస్తీర్ణంతో గుణించి, అందులో ఎంత భాగం పారుతుందో ఆ భిన్నంతో మళ్లీ గుణించాలి. అమెరికాలోని రాచెస్టర్ నగర ఇంజనీరు ఎమిల్ కుయిక్లింగ్ 1889లో మురుగు కాల్వల కోసం దీన్ని వాడాక ప్రపంచమంతా పాకింది. కాంక్రీటుకు ఆ భిన్నం 0.9 దాకా ఉంటుంది. గంటకు 5 సెంటీమీటర్ల వాన, ఒక ఎకరం ఆవరణ అనుకుంటే సెకనుకు 50 లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు ఒక నిమిషం నలభై సెకన్లలో నిండే ధార. ఇంతటి నీటిని ఏ ఫిల్టరు గుండానైనా ఉన్నపళంగా పంపడం కుదరని పని. ముందు ఆపాలి, నిదానంగా వదలాలి.

ఆపితే ఏం ఒరుగుతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. 1851లో జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ రాసిన సూత్రం ప్రకారం నీటిలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. మీటరు లోతు నీటిలో 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. దానిలో పదో వంతున్న ఒండ్రు రేణువుకు మూడు గంటలు పడుతుంది. ఇంకో పదో వంతుకు తగ్గిన బంకమట్టి రేణువుకు దాదాపు పన్నెండు రోజులు. కాబట్టి చిన్న తొట్టె ఇసుకను పట్టగలదు, బంకమట్టిని పట్టలేదు. లోహాలు ఎక్కువగా అంటుకునేది సన్నటి రేణువులకే కాబట్టి నీరు చూడటానికి తేటగా ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు.

నూనెదీ ఇదే సూత్రం, దిశ మాత్రం తలకిందులు. బొట్టు పెద్దదైతే తొందరగా పైకి తేలుతుంది. పెట్రోలియం పరిశ్రమలో మామూలుగా వాడే నూనె వేర్పాటు తొట్లు 0.15 మిల్లీమీటరు, అంతకన్నా పెద్ద బొట్లను పట్టేలా రూపొందుతాయి. ఇంకా చిన్న బొట్లను పట్టాలంటే లోపల ఏటవాలు పలకలు అమర్చాలి. అవి పలకలకు అంటుకుని, ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై తేలతాయి. అయితే ఈ ఏర్పాటునంతా ఒక సబ్బు బకెట్టు పాడుచేస్తుంది. డిటర్జెంటు నూనెను కంటికి కనబడనంత చిన్న బొట్లుగా విడగొడుతుంది, అవి ఏ తొట్టెలోనూ తేలవు. కాబట్టి లారీలను ఆవరణలో ఎక్కడబడితే అక్కడ కడగకూడదు. కడగడానికి వేరే గచ్చు ఉండాలి, ఆ నీరు వరద కాల్వకు పోకుండా డ్రైనేజీకి పోవాలి. నేల మీద డీజిలు ఒలికితే పైపు పట్టుకుని కడిగేయకూడదు. ఇసుకో రంపపు పొట్టో చల్లి, పీల్చుకున్నాక ఎత్తి పడేయాలి. వాన రాకముందు పొడిగా ఊడ్చిన ఆవరణ, వాన వచ్చాక కడిగిన ఆవరణ కన్నా వెయ్యి రెట్లు మేలు.

కప్పు మీది నీరు శుభ్రమైనదే కదా అనుకుంటాం. అక్కడా ఒక చిక్కుంది. జింకు పూత ఉన్న మామూలు జీఐ రేకుల మీద పడిన వాన కొంత జింకును కరిగించుకుని దిగుతుంది. మనకు కొద్దిపాటి జింకు అవసరమే. చేపల మొప్పలకు అది విషం. రంగు వేసిన రేకులు వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

టైర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన తెలుగువాళ్లు వేలమంది ఉంటున్న సియాటిల్ ప్రాంతంలో, వాన పడ్డాక కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే వాగుల్లో చనిపోవడం ఏళ్లపాటు అంతుచిక్కని విషయంగా ఉండేది. 2020 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. టైర్లు పగుళ్లివ్వకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాల్లోని ఓజోనుతో కలిసి మరో పదార్థంగా మారుతోంది, అదే ఆ చేపలను చంపుతోంది. ఆ పదార్థం ఏదో తెలియకముందే, 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఇదే రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా వడకట్టి చూశారు. వడకట్టని నీటిలో చేపలు చచ్చాయి, వడకట్టిన నీటిలో బతికాయి. రోజంతా భారీ లారీలు మలుపులు తిరిగే ఆవరణ చుట్టూ గడ్డి పెంచిన పల్లపు కాల్వ, అడుగున ఇసుక మట్టి ఉండాలని అడగడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ముందు నూనె, చెత్త తీసేశాకే నీరు ఆ మట్టిలోకి వెళ్లాలి, లేదంటే మట్టి పూడిపోతుంది.

వానతో సంబంధం లేకుండా వరద వచ్చే సందర్భం ఒకటుంది, నిప్పు. ఫోన్లు, ఆటబొమ్మల లిథియం బ్యాటరీలు చెత్తలో పడి, యంత్రం అదిమినప్పుడు చితికి అంటుకుంటాయి. ఫైరింజన్లు వేల లీటర్లు చల్లుతాయి. బూడిద, కాలిన ప్లాస్టిక్ రసాయనాలు, ఒక్కోసారి నురుగు మందు, అన్నీ ఆ నీటితో కలిసి వరద కాల్వలోకి పరుగెడతాయి. ఆవరణ నుంచి బయటికి పోయే పైపుకు చేత్తో తిప్పి మూసే వాల్వు ఉంటే అంతా లోపలే ఆగుతుంది. ఆ వాల్వు ఎక్కడుందో రాత్రి డ్యూటీ కాపలాదారుకు కూడా తెలిసి ఉండాలి. తుప్పు పట్టకుండా నెలకోసారి తిప్పి చూడాలి.

నీళ్లు నిలిచే ప్రతి తొట్టె దోమలకు పుట్టిల్లే. మన వేడిలో దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి బయటి తొట్లు మూడు రోజుల్లో ఖాళీ కావాలి, లోపలివాటికి మూత ఉండాలి. ఇక జాలీల మీద పేరుకున్న కవర్లను తీసేది యంత్రం కాదు, మనుషులు. బూట్లు, చేతి తొడుగులు ఇవ్వకుండా, చీలమండల లోతు లీచెట్‌లో నిలబెట్టి వాళ్ల చేత కాల్వలు తీయించడం నేరంతో సమానం. డిజైను మంచిదైతే ఆ పని పైనుంచే, పొడవాటి కొక్కెంతో అయిపోతుంది.

రెండు నీళ్లు కలిసిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పెరిగిన చెత్త గుట్ట మీద వాన కురిసింది, ఊరిన లీచెట్ దిగువనున్న మల్కారం చెరువులోకి దిగి ఆ నీటిని పాడుచేసింది. తర్వాత గుట్టను ప్లాస్టిక్ పొరతో, మట్టితో కప్పారు. 2023లో రోజుకు 20 లక్షల లీటర్ల లీచెట్‌ను శుద్ధి చేసే ప్లాంటు ప్రారంభించారు. కప్పడమంటే వానను చెత్త నుంచి దూరంగా ఉంచడమే. చివర్లో చేసిన ఆ పని మొదట్లోనే చేసి ఉంటే చెరువు మిగిలేది, ఖర్చూ మిగిలేది. బదిలీ కేంద్రాలు చిన్నవి, ఊరంతా ఉన్నాయి. వాటి విషయంలో ఇంకా సమయం ఉంది.

పరీక్షకు ప్రయోగశాల లేకపోయినా ఫర్వాలేదు. అమెరికాలో పరిశ్రమల వాననీటి అనుమతుల కింద మూడు నెలలకోసారి చేసే పరీక్ష ఎవరైనా చేయదగ్గది. నీరు బయటికి పారడం మొదలైన అరగంటలోపు తేటగా ఉన్న గాజు సీసాలో పట్టాలి. వెలుతురుకు ఎత్తి రంగు, వాసన, తేటదనం చూడాలి. పైన తేలేవి, మధ్యలో వేలాడేవి, అడుగున పేరుకునేవి చూడాలి. నురుగు ఉందా, నూనె మెరుపు ఉందా చూడాలి. ఏది తేడాగా కనిపించినా ఆ నీరు వచ్చిన దారి వెంట వెనక్కి నడవాలి. పగిలిన గట్టో, పూడిన జాలీయో, కారుతున్న కంటైనరో కనబడుతుంది.

మీ కాలనీ చెత్త ఏ బదిలీ కేంద్రానికి పోతుందో మీ స్వచ్ఛ ఆటో డ్రైవరును అడగండి. ఆ కేంద్రం వెనుక కాల్వ ఏ నాలాలో, ఏ చెరువులో కలుస్తుందో వార్డు కార్యాలయంలో అడగండి. నాలాల పూడికతీతకు నిధులు కేటాయించే వేసవిలోనే, వానలకు ముందే, ఆ కేంద్రానికి కప్పు, గుమ్మం గట్టు, మూసే వాల్వు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తెలపమని కోరండి. లేవని జవాబొస్తే జూన్ లోపు కట్టించమని పట్టుబట్టండి.